తిరిగొచ్చిన పొట్టేలు

అక్టోబరు 3

ముసలిది పోయాక కొన్నాళ్ళు గోడతో మాట్లాడాను. పిల్ల పట్నం పోయాక గుర్రంతో మాట్లాడుతున్నాను. గుర్రం విసుక్కుంటోంది, చెవులు వెనక్కి పెడుతోంది. అందుకని రాస్తున్నాను.

నాలుగో తరగతిలో బడి మానేశాను. మా నాన్నకు కొండ మీద గొర్రెల దగ్గర మనిషి కావలసి వచ్చింది. నా అక్షరాలు తాగినవాడు నడిచినట్టు ఉంటాయి. చదివేది నేనే కాబట్టి ఎవడికీ నష్టం లేదు.

మా పిల్ల సైకాల్ చదువు రెండో ఏడులోకి వచ్చింది. బిష్కెక్ పట్నంలో వంతెనలు కట్టే చదువు. మా వంశంలో ఊరి బడి దాటినవాడు లేడు. ఖర్చంతా స్కాలర్‌షిప్పు వాళ్ళదే. ఖర్చు పెట్టి ఊరుకోకుండా పిల్ల మీద ఒక మనిషిని కూడా పెట్టారు. మెంటర్ అంటారట. ఇంట్లో చదువుకున్నవాళ్ళు లేని పిల్లలందరికీ అట్లా ఒకరిని పెడతారట, దారి చూపడానికి. మా పిల్లకు పెట్టిన ఆవిడ పేరు జీబెక్. అదే కాలేజీలో పాఠాలు చెబుతుందట.

దారి చూపడానికి నేను చచ్చానా. మంచు తుఫానులో దోలోన్ కనుమ దాటించి మంద మొత్తాన్ని ఇంటికి తెచ్చినవాణ్ణి.

అక్టోబరు 11

సైకాల్ ఫోన్ చేసింది.

"నాన్నా, వచ్చే శనివారం ఫోన్ చెయ్యను. జీబెక్ అక్క మమ్మల్ని ఒక వంతెన చూపించడానికి తీసుకుపోతోంది."

"వంతెన చూడ్డానికి అంత దూరం దేనికి? మన ఏటి మీద లేదా?"

"మన ఏటి మీదున్నది మూడు దుంగలు నాన్నా."

"ఆ మూడు దుంగల మీద నడిచే నువ్వు పెద్దదానివయ్యావు."

నవ్వింది. తర్వాత మళ్ళీ జీబెక్ అక్క అట్లా అంది, జీబెక్ అక్క ఇట్లా అంది. భయం వేస్తే భయం వేసిందని పైకే చెప్పమందట. మా ఇంట్లో అట్లాంటివి పైకి చెప్పం. లైను సరిగా లేదు. పెట్టేశాను.

అక్టోబరు 18

ఫోన్ లేదు. వంతెన చూస్తోంది కాబోలు.

అక్టోబరు 27

తలాంత్ వచ్చాడు. మా చెల్లెలి కొడుకు, బిష్కెక్‌కి మనుషుల్ని ఎక్కించుకుని కారు నడుపుతాడు. మేనల్లుడు రావడం కన్నా ఏడు తోడేళ్ళు రావడం మేలని మా పెద్దలు ఊరికే అనలేదు. వచ్చీ రాగానే బూరెలన్నీ ఒళ్ళో పోసుకుని కూర్చున్నాడు. అడగకుండా నా కొత్త కళ్ళెం కూడా కారులో వేసుకున్నాడు. మేనమామ ఇంట్లో నచ్చింది తీసుకునే హక్కు వాడికుంది, కాదనలేను.

ఫోన్‌లో సైకాల్ ఫొటో చూపించాడు. మోకాళ్ళ దాకా నీలం కోటు వేసుకుని మెట్ల మీద నిలబడింది.

"ఎవరిచ్చారు?"

"జీబెక్ అక్క ఇచ్చిందంట. మంచి కోటు మావయ్యా, లోపలంతా ఊలు."

"మనింట్లో ఊలు లేదా?"

"ఉంది. గొర్రెల మీద ఉంది."

వాడికి నవ్వులాటగా ఉంది. నా ఇంటి పిల్ల ఇంకొకరి కోటు వేసుకుని తిరుగుతుంటే ఊళ్ళో నేను టోపీ పెట్టుకుని ఎట్లా తిరగాలి.

అక్టోబరు 28

నా కొడుకు మిర్లాన్‌కి తొలి బిడ్డగా సైకాల్ పుట్టి పాలు మానగానే నా భార్య వెళ్ళి ఎత్తుకొచ్చింది. తొలి బిడ్డ తాతదీ నాయనమ్మదీ. ఎప్పటినుంచో ఉన్న పద్ధతే, మేం పెట్టింది కాదు. సైకాల్ నన్నే నాన్న అంటుంది. మిర్లాన్‌ని పేరు పెట్టి పిలుస్తుంది. వాడి ఇల్లు వీధికి అటువైపు. ఎప్పుడూ ఏ గొడవా లేదు.

ఇరవై ఏళ్ళు పెంచాను. ఒక కోటు.

నవంబరు 5

గురువుకు గౌరవం చెయ్యాలి. అది మన పద్ధతి. పిల్లకు చదువు చెప్పినవాళ్ళ గుమ్మంలోకి ఉత్తి చేతులతో వెళ్ళేవాడు మనిషి కాదు. మందలో మంచి పొట్టేలును తీసుకుపోయి ఇస్తాను. ఊళ్ళో చెప్పాను. అందరూ మెచ్చుకున్నారు.

సైకాల్‌కి కూడా ఫోన్‌లో చెప్పాను. ఏదో రూలు అంది. లైను సరిగా లేదు. ఎవరి స్కాలర్‌షిప్పు నిలపాలో ఎవరిది ఆపాలో తేల్చేవాళ్ళలో జీబెక్ కూడా ఉందనీ, వచ్చే నెలలోనే అందరివీ చూస్తారనీ, ఇంటివాళ్ళు ఏది ఇచ్చినా లంచం కింద రాసుకుంటారనీ, ఒక్క రొట్టె కూడా తేవద్దనీ అంది. మిగతాది వినపడలేదు.

నవంబరు 12

నిన్న వెళ్ళాను. చెయ్యి నొప్పి పుట్టినా మొత్తం రాయాలి.

పొట్టేలుకు కాళ్ళు కట్టి తలాంత్ కారు డిక్కీలో పడుకోబెట్టాం. కొవ్వు పట్టిన తోక పళ్ళెమంత ఉంది.

"మావయ్యా, ఇది తుమ్మిందంటే డిక్కీ తలుపు ఊడి ఏట్లో పడుతుంది."

"నువ్వు మెల్లగా నడుపు. అది తుమ్మదు."

బోమ్ లోయ దాటాక పోలీసు ఆపాడు. వెనక నుంచి పొట్టేలు అరిచింది. వెనకాల ఎవరని అడిగాడు. మా మావయ్య తరఫు చుట్టం, పట్నంలో ఉద్యోగానికి పోతున్నాడని తలాంత్ చెప్పాడు. పోలీసు నవ్వి వదిలేశాడు. దారి అంతా అట్లాగే బాగా గడిచింది.

కాలేజీ గేటు దగ్గర కాపలావాడు అడ్డం నిలబడ్డాడు.

"తాతా, మనుషులకే చీటీ అడుగుతాం ఇక్కడ. దీనికేదీ చీటీ?"

"దీన్ని ఒకావిడకు అప్పజెప్పి పోతా. జీబెక్‌ని పిలువు."

పిల్లలు మూగారు. దీనికి ఏ కోర్సులో సీటొచ్చింది తాతా అని ఒకడు. మన క్లాసులో దీనికే ఎక్కువ మార్కులొస్తాయి అని ఇంకొకడు. వాళ్ళ నవ్వులో చెడ్డతనం లేదు. పల్లెటూళ్ళ పిల్లలే సగం మంది. ఒక పిల్ల వచ్చి పొట్టేలు చెవి నిమిరి, మా ఇంటి వాసన వస్తోంది అంది.

జీబెక్ వచ్చింది. ఎత్తు మడమల బూట్లేసుకున్న పొడుగాటి మనిషిని ఊహించుకున్నాను. పొట్టిగా, సన్నగా ఉంది. చేతికి సుద్ద అంటుకుంది, ముక్కు చలికి ఎర్రబడింది. తాడు చాచాను. ఆమె ముఖం పాలిపోయింది.

"పెద్దయ్యా," అంది, నాకొక్కడికే వినపడేట్టు. "ఇది నేను తీసుకోకూడదు."

"ఎందుకు? పొట్టేలు బాగాలేదా?"

"పొట్టేలు బంగారంలా ఉంది."

"మరి నా చెయ్యి బాగాలేదా?"

ఆమె చుట్టూ చూసింది. పిల్లలందరూ చూస్తున్నారు. నేను చెయ్యి దించలేదు. ఆమె తాడు పట్టుకుంది.

అరచేతులు ఎత్తి దీవించాను. నీ ఇల్లు నిండాలి, నీ దారి వెడల్పవ్వాలి అన్నాను. పిల్లలు కూడా చేతులెత్తారు, దీవెన అందుకుని ఓమీన్ అని అరచేతులతో ముఖాలు తుడుచుకున్నారు. నవ్విన వాళ్ళు కూడా. పెద్దవాడి దీవెనకు ఆ మాత్రం భయం ఇంకా ఉంది.

అప్పుడు సైకాల్ మెట్లు దిగుతూ కనిపించింది. సగంలో ఆగిపోయింది. నీలం కోటులో ఉంది.

"ఇక ఆ కోటు నీదే," అన్నాను.

టీ తాగి వెళ్ళమని జీబెక్ అంది. నేను ఆగలేదు.

నవంబరు 13

బాగా నిద్ర పట్టింది. ఎవరికీ ఏమీ బాకీ లేను.

నవంబరు 17

తలాంత్ పరుగెత్తుకుంటూ వచ్చాడు.

"మావయ్యా, నువ్వు ఫోన్‌లో ఉన్నావు. దేశమంతా చూస్తోంది."

చూశాను. నేనే. తెల్ల టోపీ బాగా కనిపిస్తోంది, నిలబడ్డ తీరు కూడా బాగుంది. జీబెక్ చేతిలో తాడు. నా చేతులు పైకి. ఎవరో పిల్లవాడు వీడియో తీసి పెట్టాడట. ఇంకోసారి పెట్టమన్నాను. కింద ఏదో రాసి ఉంది, అక్షరాలు చిన్నవి.

"ఏం రాశారు?"

తలాంత్ తల గోక్కున్నాడు.

"చదవరా."

"ఒక స్కాలర్‌షిప్పు ధర, ఒక పొట్టేలు. అని."

నవంబరు 19

సైకాల్ ఫోన్ చేసింది. ఏడవలేదు. గొంతు మాత్రం ఎండిన పుల్లలా ఉంది. స్కాలర్‌షిప్పు ఆపి పెట్టారట. వచ్చే నెల నాలుగున ముగ్గురు పెద్దవాళ్ళు కూర్చుని విచారిస్తారు. లంచం అని తేలితే చదువు అక్కడితో సరి, ఇంటికి రావాల్సిందే. జీబెక్‌ని కూడా పక్కన పెట్టారు. నన్ను రమ్మన్నారు.

"వాళ్ళకి తెలియదా పద్ధతి?" అన్నాను. "వాళ్ళేమైనా ఆకాశం నుంచి దిగారా?"

"తెలుసు నాన్నా. అందరికీ తెలుసు. అందుకే రూలు పెట్టారు."

నన్ను ఒక్క మాట కూడా అనలేదు. అని ఉంటే బాగుండేది.

నవంబరు 23

పొట్టేలు తిరిగొచ్చింది.

తలాంత్ చీకటి పడేదాకా ఊరి బయట ఆగి తెద్దామనుకున్నాడట. దాని అరుపుకు దాచలేకపోయాడు. పట్టపగలు, బజారు మీదుగా, డిక్కీలో అరుస్తూ. కాలేజీ వాళ్ళు తిరిగి పంపారు. ఇన్నాళ్ళూ కాలేజీ వెనక కట్టేస్తే గులాబీ మొక్కలన్నీ తినేసిందట. కాస్త ఒళ్ళు కూడా చేసింది.

ఇచ్చిన పొట్టేలు తిరిగిరావడం నా తండ్రి చూడలేదు, ఆయన తండ్రి చూడలేదు. మాట తిరిగొస్తుంది, తిట్టు తిరిగొస్తుంది. పొట్టేలు తిరిగి రాదు.

మందలో వదిలాను. మిగతావి వాసన చూసి పక్కకు జరిగాయి.

నవంబరు 24

టీ తాగడానికి వెళ్తే ఊళ్ళోవాళ్ళు మాట మార్చారు. ఈ ఏడు మంచు ముందుగా పడుతుందట. నేను కూడా అవునన్నాను.

నవంబరు 27

దాన్ని కోసి తినలేను. అమ్మలేను. ఇంకెవరికీ ఇవ్వలేను. నీళ్ళు పెడుతున్నాను.

నవంబరు 28

ఇంటికి వస్తే మాత్రం ఏమైంది? ఇల్లు ఖాళీగా ఉంది. పొయ్యి ఆమె వెలిగిస్తే వేరుగా ఉంటుంది. రష్యన్ పుస్తకాలు చదివి కళ్ళు పాడుచేసుకోవడం తప్పుతుంది. ఎండబెట్టిన పెరుగు ఉండలు చేసి అమ్మితే బతకలేమా. నాకు అన్నం పెట్టేవాళ్ళు

ఇట్లా రాయకూడదు. రాశాను. కొట్టెయ్యను.

నవంబరు 30

మిర్లాన్ వచ్చాడు. గడపలోనే నిలబడ్డాడు.

"నాన్నా, నాలుగో తారీకున నేను వెళ్ళి మాట్లాడనా?"

"నువ్వెవరివని వెళ్తావు?"

"కన్నవాణ్ణి."

ఇరవై ఏళ్ళలో వాడు ఆ మాట అనలేదు. టీ పోశాను. తాగకుండా వెళ్ళాడు.

డిసెంబరు 3

ఊరి పెద్దలు నాకు మాట నేర్పి పంపుతున్నారు. గురువు మీద గౌరవంతో ఇచ్చాను, అది మా తాతల నాటి పద్ధతి, ఇంకేమీ లేదు. ఇంతే చెప్పు, ఇటూ అటూ పోకు, పద్ధతిని తప్పని ఎవడంటాడో చూద్దాం అన్నారు. నిజమే కదా. ఇంకేమీ లేదు.

డిసెంబరు 5

ఇంటికి వచ్చి పడ్డాను. నిన్నటిది రాస్తాను.

పొడుగాటి బల్ల. అటువైపు ముగ్గురు. మధ్యలో టై కట్టుకున్న మనిషి, నా కొడుకు వయసు ఉంటుంది. ఇటు నేను, సైకాల్. చివర జీబెక్, ఒంటరిగా. ముందు ఆమెనే అడిగారు.

"రూలు తెలిసి తాడు ఎందుకు పట్టుకున్నారు?"

"పెద్దాయన చెయ్యి చాచి నిలబడ్డాడు. నా వల్ల కాలేదు. తప్పు నాది," అంది. అంతే. నా మీద ఒక్క మాట తోయలేదు. చెయ్యి బాగాలేదా అని నేనన్న సంగతి కూడా చెప్పలేదు.

తర్వాత సైకాల్‌ని. "రూలు ఇంట్లో చెప్పమని మీ అందరికీ మొదటి రోజే చెప్పాం. మీ నాన్నకు చెప్పావా?"

సైకాల్ నా వైపు చూడలేదు. బల్ల వైపు చూసింది.

"చెప్పలేదు," అంది. "మర్చిపోయాను. తప్పు నాదే."

నా పిల్ల అబద్ధం చెప్పింది. నా ముఖం కాపాడటానికి, ముగ్గురు పరాయివాళ్ళ ముందు, తన చదువు తీసి నా కాళ్ళ కింద పరిచింది. నేను దాని మీద నిలబడాలి. అంతే నా పని.

టై మనిషి నా వైపు తిరిగాడు. మర్యాదగా మాట్లాడాడు.

"పెద్దాయనా, ఆ పొట్టేలు ఎందుకు తెచ్చారు?"

"గురువు మీద గౌరవం," అన్నాను.

"గౌరవం మంచిదే. మాకు ఇక్కడ గౌరవం ఎక్కువై చస్తున్నాం. పోయినేడు ఒకాయన గౌరవంగా ఫ్రిజ్ మోసుకొచ్చాడు. ఆయన కొడుకు రెండు పరీక్షలు తప్పి ఉన్నాడు. గౌరవానికీ లంచానికీ తేడా మేమెట్లా కనుక్కోవాలో మీరే చెప్పండి."

పక్కనున్న ఇద్దరూ రాసుకుంటున్నారు. ఇంకో రెండు మాటలు రాస్తే అయిపోతుంది. సైకాల్ నాతో తలాంత్ కారులో కూర్చుంటుంది. ఇంటికి వస్తుంది. నేను ఇంకేమీ చెయ్యక్కర్లేదు, ఊరి పెద్దలు చెప్పినట్టు నోరు మూసుకుని కూర్చుంటే చాలు. రేపటి నుంచి పొయ్యి ఆమె వెలిగిస్తుంది.

సైకాల్ చేతులు బల్ల కింద ఉన్నాయి. నాకు కనిపిస్తున్నాయి. ఒక చేత్తో ఇంకో చేతి వేళ్ళు విరుస్తోంది.

"పిల్ల అబద్ధం చెబుతోంది," అన్నాను.

సైకాల్ నాన్నా అంది.

"నువ్వు ఉండు. నాకు చెప్పింది. అంతా చెప్పింది. రొట్టె కూడా తేవద్దంది. నాకు బాగానే వినపడింది."

"మరి ఎందుకు తెచ్చారు?" అన్నాడు టై మనిషి.

"గౌరవం కాదు. అది ఊళ్ళో చెప్పుకోవడానికి. ఈవిణ్ణి వదిలించుకోవడానికి తెచ్చాను."

రాసుకుంటున్న ఇద్దరూ తలెత్తారు.

"ఎవరిని?"

"ఈ జీబెక్‌ని. నా పిల్ల నోట్లో ఈమె మాట తప్ప ఇంకో మాట లేదు. శనివారాలు తీసుకుంది. కోటు తొడిగింది. కోటుకు బదులు కోటంత విలువైంది ఇచ్చేస్తే లెక్క తీరిపోతుంది, పిల్ల మళ్ళీ నాదవుతుంది అనుకున్నాను. నాకు చదువు రాదు గానీ లంచం అంటే తెలుసు. లంచం మనిషిని దగ్గర చేసుకోవడానికి ఇస్తారు. నేను ఈమె పోవాలని ఇచ్చాను. మార్కులు గానీ, స్కాలర్‌షిప్పు గానీ నా తలలో లేవు. అవి ఉండి ఉంటే బాగుండేది, పిల్ల కోసం చేశానని చెప్పుకునేవాణ్ణి."

ఇంత పొడుగు మాట నేను జీవితంలో మాట్లాడలేదు. ఒకరి మేలుకు బదులు విసిరి తెంచుకోవాలనుకున్నానని మా వాళ్ళలో ఎవడూ పైకి చెప్పడు. దొంగతనం చేశానని చెప్పడం నయం.

జీబెక్ నా వైపు తిరిగింది. కోపం లేదు ఆ గొంతులో. అదే నన్ను పొడిచింది.

"పెద్దయ్యా, ఆ కోటు నాది కాదు. చదువు అయిపోయిన పిల్లలు వెళ్తూ వెళ్తూ కొత్తవాళ్ళకి వదిలిపోతారు. నేను బీరువాలోంచి తీసిచ్చాను, అంతే. సైకాల్ కూడా పోయేటప్పుడు ఇంకెవరికో వదిలిపోతుంది."

మమ్మల్ని బయట కూర్చోమన్నారు. నడవాలో సైకాల్ గోడకు ఆనుకుని నిలబడింది. నేను కుర్చీలో కూర్చున్నాను.

"నేను ఆవిడతో ఏం మాట్లాడేదాన్నో తెలుసా?" అంది.

నేను తలూపాను, తెలియదని.

"పాఠాలన్నీ రష్యన్‌లోనే, క్లాసులో నా రష్యన్‌కి నవ్వుతారు. మొదటి ఏడు నోరు తెరవలేదు. ప్రశ్న అర్థమైనా అర్థం కానట్టు కూర్చునేదాన్ని. ఆవిడ దగ్గరికి వెళ్ళి ఏడ్చేదాన్ని. ఏడ్చాక ఆవిడ నాతో గట్టిగా చదివించేది. ఆవిడ కూడా మన లాంటి ఊరి నుంచే వచ్చింది. ఆవిడకీ నవ్వారట."

"నాతో చెప్పొచ్చుగా."

"నీతో చెబితే నువ్వు గుర్రమెక్కి వచ్చి వాళ్ళని కొడతావు."

"కొడతాను."

"అందుకే చెప్పలేదు నాన్నా."

లోపలికి పిలిచారు. టై మనిషి లేచి నిలబడి చెప్పాడు. సైకాల్ స్కాలర్‌షిప్పు ఆగదు. ఇది లంచం కాదని తేల్చారు. ఏమని తేల్చారో మాత్రం చెప్పలేదు, దానికి వాళ్ళ దగ్గర పేరు లేదు కాబోలు. జీబెక్ ఇక ఎవరి స్కాలర్‌షిప్పూ తేల్చదు, రూలు తెలిసి తాడు పట్టుకుంది కాబట్టి. సైకాల్‌కు మెంటర్‌ని మారుస్తారు.

సైకాల్ ముఖం నేను చూడలేదు. చూడలేకపోయాను. నడవాలో వాళ్ళిద్దరూ ఒకరినొకరు పట్టుకుని నిలబడ్డారు. నేను మెట్లు దిగి కారులో కూర్చున్నాను.

దారిలో తలాంత్ అన్నాడు, "గెలిచావు గదా మావయ్యా. పిల్ల చదువూ నిలిచింది, ఆవిడా పోయింది. నీకు కావలసింది అదే గదా."

"రోడ్డు చూసి నడుపు," అన్నాను.

డిసెంబరు 6

నాకు కావలసింది అదే.

డిసెంబరు 14

మంచు. గొర్రెలకు మేత. ఆ బల్ల ముందు నేనన్నది ఊళ్ళో అందరికీ తెలిసిపోయింది, తలాంత్ నోరు ఆగదు. నాకు మాట నేర్పి పంపిన పెద్దలు ఎదురొస్తే సలాం చెప్పి పక్కకు తిరుగుతున్నారు. మిర్లాన్ ఒక్కడే వచ్చి దొడ్లో మంచు ఎత్తిపోశాడు. నేను పారతో ఒక పక్క, వాడు ఇంకో పక్క. మాట్లాడుకోలేదు. పోయేటప్పుడు, "మంచి పని చేశావు నాన్నా," అన్నాడు. ఏది మంచి పనో అడగలేదు.

ఈసారి టీ తాగాడు.

జనవరి 18

సైకాల్ ఫోన్ చేసింది. పరీక్షలన్నీ గట్టెక్కిందట. కొత్త మెంటర్ మగాయన, పెద్ద కంపెనీలో ఇంజనీరు. నెలకొకసారి ఫోన్ చేసి అంతా సరేనా అని అడుగుతాడట. సరే అంటుందట. పెట్టేస్తాడట.

"మంచివాడేనా?"

"మంచివాడే నాన్నా."

"క్లాసులో నవ్వుతున్నారా?"

"లేదు."

నిజమో అబద్ధమో తెలియలేదు. ఇప్పుడు ఎవరి దగ్గర ఏడుస్తున్నావు అని అడగాలనుకున్నాను. గుర్రం ఎట్లా ఉంది అంది. బాగుంది అన్నాను.

ఫిబ్రవరి 2

ఇవాళ ఫోన్ నేనే చేశాను. వచ్చే శనివారం నాకు చెయ్యొద్దని చెప్పాను. ఆ సమయంలో జీబెక్ దగ్గరికి పొమ్మన్నాను. కాగితం మీద మెంటర్ కాకపోతే ఏం, మనిషి ఉంది కదా, టీ తాగడానికి రూలు లేదు కదా అన్నాను.



"వెళ్తూనే ఉన్నాను నాన్నా," అంది. "నీకు చెప్పలేదు, అంతే."

సరే అన్నాను.

ఫిబ్రవరి 3

సరే అన్నాను గానీ రోజంతా ఒళ్ళు బాగాలేదు.

మార్చి 9

పొద్దున మేత వేస్తుంటే ఫోన్ మోగింది. తెలియని నంబరు. మగ గొంతు, ముసలిది. పేరు బోదోష్ అట, తలాస్ వైపు మనిషి, చిక్కుళ్ళు పండిస్తాడట. మనవడు అదే స్కాలర్‌షిప్పు మీద మొదటి ఏడు చదువుతున్నాడు. వచ్చే వారం ఇంటివాళ్ళను ఒకసారి వచ్చి కలిసి పొమ్మన్నారట.

"జీబెక్ అని ఒకావిడ నీ నంబరు ఇచ్చింది. వచ్చే ముందు ఆయనతో మాట్లాడు, ఆయనకి తెలుసు అంది."

చేతిలో మేత కింద పెట్టాను.

"ఉన్నావా, పెద్దాయనా?"

"ఉన్నా. అడుగు."

"ఏం తీసుకుపోవాలి?"

"ఏమీ వద్దు."

"మా చేలో చిక్కుడు గింజలు ఒక బస్తా."

"వద్దు."

"అర బస్తా."

"గుప్పెడు కూడా వద్దు. పోయే ముందు జేబులు దులుపుకుని పో."

అవతల దగ్గాడు. నవ్వో దగ్గో తెలియలేదు.

"నువ్వేం తీసుకుపోయావు?"

"పొట్టేలు."

"తీసుకున్నారా?"

"తిరిగి పంపారు."

అతను ఇంకేమీ అడగలేదు. ఆ సంగతి విడమర్చి చెప్పాల్సిన మనిషి కాదు. నేను కూడా పెట్టెయ్యలేదు.

"మనవడు ఈ మధ్య నాతో సరిగా మాట్లాడటం లేదు," అన్నాడు చివరికి. "మాట్లాడితే అంతా ఆ కాలేజీ వాళ్ళ మాటే. ఉత్తి చేతులతో వెళ్ళి ఆ బల్ల ముందు కూర్చుంటే, నేనెవరినని చెప్పుకోవాలి?"

"తాతనని చెప్పు."

"అది సరిపోతుందా?"

గొర్రెలు మేత దగ్గర ఒకదాన్నొకటి తోసుకుంటున్నాయి. సరిపోతుందని చెప్పి పెట్టేద్దామనుకున్నాను. ఎరగని మనిషి, ఎప్పుడూ ఎదురుపడడు.

"సరిపోదు," అన్నాను. "అయినా పో."